కాలిఫోర్నియా తరహా రెస్టారెంట్‌లో ఇంటిల్లిపాదికీ భోజనం: విశాఖలో ఆర్డర్ ఎలా ఇవ్వాలి

ఎనిమిది మంది కూర్చుని ఎవరి మెనూ వాళ్లు చూసుకుని, ఎవరి ప్లేటు వాళ్లు చెప్పుకుంటే ఈ తరహా రెస్టారెంట్‌లో భోజనం కుదరదు. ఒకరి సలాడ్ ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది, ఇంకొకరి చేప అరగంటైనా రాదు. పిల్లల పిజ్జా చల్లారుతుంది, పెద్దవాళ్లు ఖాళీ ప్లేటు ముందు కూర్చుంటారు. చివర్లో సగం మిగిలిపోతుంది. ఇక్కడి వంటలన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ తలా కాస్తా వడ్డించుకునేందుకు చేసినవి. కాబట్టి ఆర్డర్ ఒక్కరే ఇవ్వాలి, బల్ల మొత్తానికీ కలిపి ఇవ్వాలి, రెండు విడతలుగా ఇవ్వాలి. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈవేళ తాజాగా ఏం వచ్చింది?"

ఈ వంట పుట్టిందే ఆ ప్రశ్నలోంచి. 1971లో బర్కిలీలో ఆలిస్ వాటర్స్ షే పనీస్ అనే రెస్టారెంట్ తెరిచి, చుట్టుపక్కల పొలాల్లో ఆ రుతువులో పండేదాన్ని బట్టి ఏ రోజు మెనూ ఆ రోజు రాసే పద్ధతికి పేరు తెచ్చారు. 1982లో లాస్ ఏంజిలిస్‌లో వుల్ఫ్‌గాంగ్ పక్ స్పాగో అనే రెస్టారెంట్ మొదలుపెట్టి, పిజ్జా మీద పొగబెట్టిన సాల్మన్ చేప లాంటివి వేసి దాని రూపమే మార్చేశారు. మెక్సికో సరిహద్దు దగ్గర కాబట్టి, పల్చటి రొట్టెలో కూర పెట్టి మడిచే టాకోలు వచ్చి చేరాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇటలీ జాలర్ల చేపల పులుసు, చొప్పీనో, అందులో కలిసింది. ఆకుకూరలు, నిమ్మజాతి పళ్లు, ఆలివ్ నూనె, నిప్పుల మీద కాల్చడం, ఇదే ఈ వంట సారం. మసాలా తక్కువ, ఉడికించడం తక్కువ. అందుకే సరుకు నాణ్యత వెంటనే బయటపడుతుంది. రెండు రోజుల చేపని చింతపండు పులుసులో, అల్లం వెల్లుల్లిలో దాచేయొచ్చు. ఉప్పు, నిమ్మరసం తప్ప ఏమీ లేని గ్రిల్ ముక్కలో దాచడం కుదరదు.

విశాఖలో ఆ ప్రశ్నకి మంచి జవాబే దొరుకుతుంది. ఫిషింగ్ హార్బర్ ఊళ్లోనే ఉంది. వంజరం, పండుగప్ప, చందువ, రొయ్యలు, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తాజాగా వచ్చిందని చెబితే దాని చుట్టూ మిగతా ఆర్డర్ అల్లుకోండి. మెనూలో సాల్మన్ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది గానీ, అది మన సముద్రంలో దొరికేది కాదు. ఎక్కడో దూరం నుంచి తెచ్చిందే. దాని ధరకి తాజా పండుగప్ప ఎక్కువ రుచి ఇస్తుంది, తోలు కరకరలాడేలా కాలుతుంది కూడా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో "సముద్రపు చేప తాజాగా ఉంది" అని ఎవరైనా చెబితే ఇంకో ప్రశ్న అడగండి: "చిన్న పడవల వాళ్లు తెచ్చిందా, చెరువుదా, ఫ్రీజర్‌దా?" చెరువులో పెంచిన పండుగప్ప, రొయ్యలు ఆ రోజుల్లో నిశ్చింతగా తినొచ్చు. చలికాలంలో అయితే లంబసింగి స్ట్రాబెర్రీలు వచ్చాయా అని కూడా అడగండి. వచ్చి ఉంటే డెజర్ట్ విషయం అక్కడే తేలిపోయినట్టు.

బల్ల, వేళ

ఆదివారం మధ్యాహ్నం 1:30 నుంచి 2:30, రాత్రి 8 నుంచి 9:30, ఈ వేళల్లో వంటగది ఊపిరాడకుండా ఉంటుంది. ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు 12:30కో, సాయంత్రం 6:30కో కూర్చునేలా చూసుకుంటే ప్రతి పదార్థం వేళకి వస్తుంది, వెయిటర్‌కి మీతో మాట్లాడే తీరికా ఉంటుంది.

బీచ్ రోడ్డు వైపు బయట బల్ల తీసుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా తీరం పడమటి వైపు చూస్తుంది, అక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. మన తీరం తూర్పు వైపు చూస్తుంది. సాయంత్రం ఎండ కొండల వైపు నుంచి, అంటే వెనకనుంచి వస్తుంది. సముద్రం వైపు నీడ పడుతుంది. డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకిపోతుంది కాబట్టి ఐదింటికే బయట హాయిగా ఉంటుంది. మే నెలలో ఏడు దాటేదాకా లోపల కూర్చోవడమే మంచిది. ఉదయం బ్రంచ్‌కి వెళితే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. సముద్రానికి వీపు పెట్టే కుర్చీలు పెద్దవాళ్లకివ్వండి. పౌర్ణమి రోజు మాత్రం సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు నీళ్లలోంచి పైకి వస్తాడు. ఆ సాయంత్రం బయట బల్ల దొరికితే వదలకండి. గాలి గట్టిగా వీచే రోజున బయట పిజ్జా రెండు నిమిషాల్లో చల్లారుతుంది. అలాంటప్పుడు ఒక్కొక్కటిగా తెప్పించుకోవాలి.

ముందురోజు ఫోన్ చేసి మూడు సంగతులు తెలుసుకోండి: లిఫ్ట్ ఉందా, వీపు ఆనే కుర్చీలు ఉన్నాయా, పిల్లల ఎత్తు కుర్చీ ఉందా. ఇలాంటి చోట్ల ఎత్తు స్టూళ్లు, కిందకి కుంగిపోయే సోఫాలు చాలా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సోఫాలో కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. సోఫాకి ఎదురుగా ఉండే బల్ల కూడా తక్కువ ఎత్తులో ఉండి, వంగి తినాల్సి వస్తుంది. బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం బండి పెట్టే చోటు దొరకదు. పెద్దవాళ్లని ముందు గుమ్మం దగ్గర దింపేసి, తర్వాత పార్కింగ్ వెతుక్కోండి.

ఎంత చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి

ఇద్దరు పెద్దవాళ్లు, నలుగురు నడివయసువాళ్లు, ఇద్దరు పిల్లలు, ఇలా ఎనిమిది మంది అనుకుందాం. మొదట ఏడు పదార్థాలు చాలు. చాలకపోతే తర్వాత తెప్పించుకోవచ్చు గానీ, చెప్పేసినదాన్ని వెనక్కి పంపలేం.

మొదటి విడతలో మూడు: ఒక సూప్, ఒక పెద్ద సలాడ్, అవకాడో మెదిపి చేసే గ్వాకమోలే గానీ, శనగలు రుబ్బి చేసే హమ్మస్ గానీ చిప్స్‌తో ఒకటి. సూప్ ఒక్కటే చెప్పి నాలుగు చిన్న గిన్నెల్లో పంచి ఇమ్మనండి. చాలా చోట్ల అడిగితే ఇస్తారు. పులియబెట్టిన పిండితో చేసే సవర్‌డో రొట్టె దీంతోపాటే వస్తుంది. దాని పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి పళ్లు కదిలే పెద్దవాళ్లకి ఇబ్బంది. "సన్నగా కోసి, ఎక్కువ కాల్చకుండా ఇవ్వండి" అని చెప్పి, సూప్‌లో ముంచి తినిపించండి.

రెండో విడతలో నాలుగు: ఆ రోజు వచ్చిన చేప గ్రిల్ చేసి ఒకటి, చేప టాకోలు ఒక ప్లేటు, ఒక రైస్ బౌల్, ఒక పిజ్జా. టాకోలు చాలాచోట్ల మూడేసి వస్తాయి. ప్లేటులో ఎన్నుంటాయో అడిగి, ఇంట్లో తినేవాళ్లెందరో చూసుకుని చెప్పండి. మూడింటికి నలుగురు చేతులు చాపితే పిల్లలు గొడవపడతారు. అన్నం లేనిదే భోజనం చేసినట్టుండని వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్లకోసమే రైస్ బౌల్. అందులో బ్రౌన్ రైస్ గానీ, కీన్వా అనే చిన్న గింజలు గానీ వేస్తారు, తెల్లన్నం ఉంటే మార్చి ఇమ్మనొచ్చు. పది, పన్నెండు అంగుళాల పల్చటి పిజ్జా ఇద్దరు పెద్దవాళ్లకి సగం కడుపే నింపుతుంది. అయినా రెండు ఒకేసారి చెప్పకండి. కట్టెల పొయ్యిలో పిజ్జా రెండు మూడు నిమిషాల్లో తయారైపోతుంది. మొదటిది సగమయ్యాక రెండోది చెబితే అదీ వేడిగానే వస్తుంది.

వెయిటర్‌తో మాట ఇంత స్పష్టంగా ఉండాలి: "బాబూ, సూప్, సలాడ్, గ్వాకమోలే ముందు పంపించండి. చేప, టాకోలు, రైస్ బౌల్ మేం చెప్పాక వేయమనండి. పిజ్జా అన్నిటికంటే చివర." ఇలా చెప్పకపోతే ఏది ముందు తయారైతే అది బల్ల మీదికి వచ్చేస్తుంది, ఇలాంటి వంటగదుల అలవాటే అది. మొదటి విడత సగం అవుతుండగా, "ఇప్పుడు చేప వేయమనండి" అని గుర్తు చేయాలి. గ్రిల్ చేప పదిహేను, ఇరవై నిమిషాలు తీసుకుంటుంది.

సలాడ్ విషయంలో ఒక్క మాట తప్పకుండా చెప్పండి: డ్రెస్సింగ్, అంటే అందులో కలిపే పుల్లటి సాస్, విడిగా గిన్నెలో ఇమ్మనండి. కలిపేసి తెచ్చిన లెట్యూస్ పది నిమిషాల్లో వాడిపోయి నీరు వదులుతుంది. ఎనిమిది చేతులు తిరిగేసరికి అడుగున పుల్లటి నీళ్లు మిగులుతాయి. విడిగా ఉంటే ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకుంటారు, ఉప్పు తగ్గించాల్సిన వాళ్లకీ అనుకూలం.

గ్వాకమోలే వచ్చిన వెంటనే చూడండి. అంచుల దగ్గర గోధుమరంగు తిరిగి, పైన పల్చని నీరు తేలితే అది పొద్దున్న చేసి పెట్టింది. వెనక్కి పంపడానికి మొహమాటపడక్కర్లేదు. తాజాది లేతాకుపచ్చగా, చిన్న చిన్న గడ్డలతో, నిమ్మ వాసనతో ఉంటుంది. మన దగ్గర పండే పెద్ద అవకాడోల్లో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ కాబట్టి కొంచెం పల్చగా ఉండటం తప్పు కాదు. చేదుగా ఉంటే మాత్రం కాయ పండలేదన్నమాట.

శాకాహారులు అడగాల్సినవి

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. పేరు చూసి శాకాహారం అనుకుంటారు. మెక్సికోలోని టిహువానాలో 1924లో పుట్టిందని చెప్పే సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంచోవీ చేపలు గానీ, ఆ చేపలతోనే చేసే వూస్టర్ సాస్ గానీ ఉంటాయి. గ్రీన్ గాడెస్ డ్రెస్సింగ్ అసలు పద్ధతిలోనూ ఆంచోవీ ఉంది. కాబ్ సలాడ్‌లో చికెన్, బేకన్, గుడ్డు మామూలే. టమాటా సూప్ కూడా చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఎముకలు ఉడికించిన నీళ్లతో, చేసి ఉండొచ్చు. రైస్ బౌల్‌లో అన్నం స్టాక్‌లో ఉడికించి ఉండొచ్చు. ఫ్రెంచ్ ఫ్రైస్, రొయ్యలు ఒకే నూనెలో వేయించే చోట్లూ ఉన్నాయి. ఇటలీ నుంచి వచ్చే అసలు పర్మేసాన్‌ని పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో చేస్తారు. మన దేశంలో తయారయ్యే చీజ్ చాలావరకు ఆ రెనెట్ లేకుండానే చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు ఏ కంపెనీ చీజ్ అని అడగాలి. పానకోటా, మూస్ లాంటి డెజర్ట్‌లలో జంతువుల ఎముకలు, చర్మంలోంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. మయొనైజ్‌లో, వెల్లుల్లి వేసి చేసే అయోలీ సాస్‌లో గుడ్డు ఉంటుంది. ఎగ్‌లెస్ కావాలని ముందే చెప్పాలి.

ఈ ప్రశ్నలు ఒక్కొక్కటిగా ప్రతి పదార్థానికీ అడిగితే ఆలస్యమవుతుంది, వెయిటర్ విసిగి "వెజ్జేనండీ" అనేస్తాడు. దానికి బదులు మొదట్లోనే ఇలా చెప్పండి: "మా అత్తయ్యగారు చేప, గుడ్డు, మాంసం ఏ రూపంలోనూ తినరు. సాస్‌లో, స్టాక్‌లో, నూనెలో కూడా ఉండకూడదు. ఆవిడ తినగలిగినవి ఏమిటో లోపల చెఫ్‌ని అడిగి చెప్పండి." జవాబు వంటగదిలోంచి రావాలి, అప్పుడే దాన్ని నమ్మొచ్చు.

కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసేవాళ్లతో వెళితే ఎంపిక బాగా తగ్గిపోతుంది. ఆకులు నూరి చేసే పెస్టో, అయోలీ, హమ్మస్, పిజ్జా సాస్, అన్నిట్లో వెల్లుల్లి పడుతుంది. సాస్ ముందే కాచి పెట్టుకుంటారు కాబట్టి తీసేసి ఇమ్మంటే కుదరదు. సాస్ లేకుండా ఆలివ్ నూనె, మొజరెల్లా, టమాటా ముక్కలు, తులసి జాతి ఆకు బేసిల్‌తో పిజ్జా చేయమనండి. సలాడ్‌కి నిమ్మరసం, ఆలివ్ నూనె, మిరియాల పొడి చాలు. అవకాడో టోస్ట్ ఉల్లి లేకుండా ఆ క్షణాన చేసి ఇవ్వగలరు.

పెద్దవాళ్లు, పిల్లలు, గర్భిణులు

సీజర్ డ్రెస్సింగ్, రెస్టారెంట్‌లోనే చేసే అయోలీ పచ్చి గుడ్డుతో చేస్తారు. ఒక వైపే కాల్చే సన్నీ సైడ్ అప్ గుడ్డులో సొన గట్టిపడదు. గర్భిణులకి, బాగా వయసైనవాళ్లకి, చిన్నపిల్లలకి ఇవి వద్దు. గుడ్డు రెండు వైపులా పూర్తిగా కాల్చమనండి. ఏడాది నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. హనీ మస్టర్డ్ డ్రెస్సింగ్ కూడా అంతే. చిన్నపిల్లలకి చెర్రీ టమాటాలు, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి, గుండ్రంగా ఉన్నవి గొంతులో అడ్డం పడతాయి. సలాడ్‌లో వేసిన అక్రోట్, బాదం ఏరి తీసేయండి.

కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోమన్నవాళ్లకి అవకాడో, నారింజ రసం, చిలగడదుంప ఫ్రైస్ మంచివి కావు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా గిన్నెడు కేల్ అనే ఆకుకూర, పాలకూర తింటే మందు ప్రభావం తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సింది పిజ్జా కంటే లెమనేడ్ దగ్గర. లెమనేడ్, ఐస్డ్ టీ, మాక్‌టెయిల్ చక్కెర లేకుండా చేయగలరా అని అడిగి, లేదంటే సోడాలో నిమ్మకాయ పిండించుకోండి. ఆఖర్న అరకు కాఫీ చక్కెర లేకుండా తాగితే డెజర్ట్ మీదికి మనసు అంతగా పోదు.

చప్పగా ఉందనేవాళ్లకి

మసాలాకి అలవాటుపడ్డ నోటికి మొదటి ముద్ద చప్పగానే ఉంటుంది. అప్పుడు కెచప్ పోసేస్తే అన్నీ ఒకే తీపి రుచికి వచ్చేస్తాయి, చేప రుచి పూర్తిగా పోతుంది. సన్నగా తరిగిన పచ్చిమిర్చి, నిమ్మ చెక్కలు, కొంచెం సముద్రపు ఉప్పు విడిగా తెమ్మనండి. నంజుకోవడానికి హాలపెన్యో అనే మెక్సికో మిరపకాయ ముక్కలు, మిరప సాస్ కూడా బాగుంటాయి. చేప ముక్క మీద ముందు నిమ్మ పిండి, చిటికెడు ఉప్పు చల్లి, ఒక మిర్చి ముక్క పెట్టుకుని తిని చూడండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది. చేప తోలు కరకరలాడేది మొదటి మూడు నాలుగు నిమిషాలే. బల్ల మీదికి రాగానే ముందు దాన్ని పంచేయండి, ఫొటోలు పిజ్జాకి తీసుకోవచ్చు.

చేప టాకో తినడం పెద్దవాళ్లకి కొత్త. మెత్తటి మొక్కజొన్న రొట్టె, టోర్టియాలో వేయించిన చేప ముక్క, సన్నని క్యాబేజీ తరుగు, పుల్లటి క్రీమ్ సాస్ ఉంటాయి. నిమ్మ ముందే పిండాలి, మడిచాక పిండితే రసం చేతి మీదుగా కారుతుంది. మూడు వేళ్లతో కింద నుంచి పట్టుకుని, టాకోని వంచకుండా తల పక్కకి వంచి కొరకాలి. టాకోని వంచితే లోపలిదంతా రెండో వైపు నుంచి జారిపోతుంది. మొక్కజొన్న టోర్టియా తడిస్తే చిరుగుతుంది కాబట్టి వచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి. ఇదంతా కష్టమనిపించేవాళ్లకి "టాకో బౌల్‌గా ఇవ్వండి" అంటే అవే పదార్థాలు అన్నం మీద వేసి, స్పూనుతో తినేలా తెస్తారు.

బిల్లు

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే పెద్ద హోటల్లో ఉన్న రెస్టారెంట్ అయితే 18 శాతం. ఎనిమిది మంది తిన్న బిల్లులో ఈ తేడా పెద్దదే, బల్ల బుక్ చేసేటప్పుడే అడగండి. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని మర్యాదగా అడిగి, బాగా చూసుకున్న వెయిటర్‌కి టిప్పు నేరుగా చేతికివ్వండి.

మిగిలినవి

మిగిలినవన్నీ పార్సిల్ కట్టించుకోవద్దు. డ్రెస్సింగ్ కలిపిన సలాడ్, గ్వాకమోలే, సాస్ పూసిన టాకోలు అక్కడే వదిలేయండి. పిజ్జా, రైస్ బౌల్, సూప్ తెచ్చుకోవచ్చు. విశాఖ ఉక్కలో కారు డిక్కీలో పెట్టి ఆర్కే బీచ్‌లో గంటన్నర తిరిగితే అవీ పాడవుతాయి. వంటగదిలోంచి వచ్చిన రెండు గంటల లోపు, ఎండాకాలమైతే గంట లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. మర్నాడు పిజ్జాని మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది. దోసె పెనం సన్నని సెగ మీద వేడిచేసి, ముక్కలు పెట్టి, అంచున అర చెంచా నీళ్లు చల్లి, మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచండి. అడుగు కరకరలాడుతుంది, చీజ్ కరుగుతుంది. రైస్ బౌల్‌లో చేప ముక్కలు ఉంటే వాటిని తీసి విడిగా పెనం మీద వేడిచేయాలి. అన్నంతో కలిపి వేడిచేస్తే చేప ఎండిపోయి, అన్నమంతా నీచువాసన వేస్తుంది.